బెల్టు రేటు కాదు.. పని రేటు చూడండి

సెకండ్‌హ్యాండ్ మోటారు ఒకటి, లేతు మీద తిప్పించిన మూడు చక్రాలు, ఇనప ట్యూబులతో వెల్డింగ్ చేసిన ఫ్రేము. ఐటీఐలో ఫిట్టరో, వెల్డరో పూర్తిచేసిన కుర్రాడికి బెల్ట్ గ్రైండర్ తయారుచేసుకోవడం కొండంత పనేం కాదు. మంగళగిరిలో ఉన్నవాళ్లకైతే మరీ తేలిక. ఊళ్లోనే ఆటోనగర్ ఉంది. హైవే ఎక్కితే కాసేపట్లో విజయవాడ ఆటోనగర్. కావలసిన ఇనుము, బేరింగులు, మోటార్లు అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకవు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మిషనుకు ఖర్చు ఒకసారే. బెల్టుకు మాత్రం పని ఉన్నంతకాలం ఖర్చే. కత్తులకు సాన పెట్టినా, కొడవలి పిడి నున్నగా చేసినా, గేటు వెల్డింగ్ కుట్టు చదును చేసినా మీ సంపాదనలో కొంత ఆ గరుకు గుడ్డ తినేస్తుంది. ఎంత తింటోందో లెక్క తెలియక, ‘పని బాగానే వస్తోంది కానీ చేతిలో డబ్బు నిలవట్లేదు’ అనుకునేవాళ్లు ఉంటారు. ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టి దాన్ని ఉపాధిగా మార్చుకోవాలనుకునే యువతకు ఈ లెక్క ముందే తెలియాలి.

పని ఏముంది?

చుట్టూ చూస్తే కనిపిస్తుంది. కత్తిపీటలు, వంటింటి కత్తులు, మాంసం కొట్టు కత్తులు, కొబ్బరిబోండాలవాళ్ల మచ్చుకత్తులు, వరి, మినుము పొలాల్లో తిరిగే కొడవళ్లు. టైలర్లకు కత్తెరలు. గ్రిల్లు, గేట్ల షాపుల నుంచి వెల్డింగ్ కుట్లు చదును చేసే పని. మంగళగిరి అంటే గుంట మగ్గాల ఊరు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. నాడె మీద చిన్న పేడు లేచినా నూలు తెగుతుంది. చెక్క సామాన్లను గాజులా నున్నగా చేసి ఇవ్వగలిగినవాడికి నేతగాళ్ల వీధిలోనూ పని ఉంటుంది. అటు కొండపల్లి బొమ్మలవాళ్లు వాడేది తెల్లపొణికి చెక్క. అది చాలా మెత్తన, తేలిక. అలాంటి చెక్కకు వాడే బెల్టు వేరు, లారీ కమాన్ పట్టీతో చేసిన కత్తికి వాడే బెల్టు వేరు. ఒకే బెల్టుతో రెండూ లాగించాలనుకుంటే రెండూ చెడతాయి. ఇనుము రుద్దిన బెల్టులో చిక్కుకున్న పొడి తెల్లచెక్క మీద నల్లటి చారలు వదులుతుంది. అవి ఓ పట్టాన పోవు.

మిషను కంటే ముందు బెల్టు కొలత

చాలామంది మిషను కొన్నాకో, కట్టుకున్నాకో దానికి సరిపడే బెల్టు కోసం వెతుకుతారు. వరస తిరగేయండి. మార్కెట్లో సులువుగా దొరికే కొలత ఏదో ముందు తెలుసుకుని, దానికి తగ్గట్టు మిషను కట్టుకోండి. చిన్న మిషన్లకు 25×762 మిల్లీమీటర్లు, అంటే అంగుళం వెడల్పు, 30 అంగుళాల చుట్టుకొలత. కత్తుల తయారీదార్లు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది 50×1830, అంటే 2×72 అంగుళాలు. మధ్యలో 2×48 ఉంది. ఎవరో చూసినట్టు కట్టిన మిషనుకు 1790 పొడవు బెల్టు కావాల్సి వస్తే ప్రతిసారీ ఆర్డరిచ్చి అతికించుకోవాలి. అంటే రేటు అతను చెప్పిందే.

చిన్న బెల్టు చవక అనిపిస్తుంది. ఒక్కసారి విస్తీర్ణం లెక్క వేయండి. 25×762 బెల్టులో గరుకు ఉన్న జాగా సుమారు 190 చదరపు సెంటీమీటర్లు. 50×1830లో 915. దాదాపు అయిదు రెట్లు. కాబట్టి పెద్ద బెల్టు ధర చిన్నదానికి మూడు రెట్లున్నా నిజానికి అదే చవక. పైగా పొడవు బెల్టులో ఒక చోటు ఇనుమును తాకి, మళ్లీ తిరిగి వచ్చేసరికి కాస్త చల్లారుతుంది. గింజ త్వరగా మొద్దుబారదు, కత్తి త్వరగా వేడెక్కదు.

ఇప్పటికే మిషను ఉంటే టెన్షన్ స్ప్రింగు సగం నొక్కి ఉంచి, చక్రాల చుట్టూ టైలర్ టేపు తిప్పి కొలవండి. కొత్త బెల్టు ఎక్కించడానికీ, వాడాక సాగినా బిగించడానికీ రెండు వైపులా జాగా మిగులుతుంది.

గింజ ఏదో తెలియాలి

షాపులో ‘ఎమరీ బెల్టు’ అంటే చాలు, ఇస్తారు. కానీ ఆ గుడ్డ మీద అతికించినది ఇప్పుడు సాధారణంగా సహజమైన ఎమరీ రాయి కాదు, కొలిమిలో తయారైన గింజ. అందులో నాలుగు రకాలు మీకు పనికొస్తాయి.

మొదటిది అల్యూమినియం ఆక్సైడ్. గోధుమ రంగులోనో, ఎర్రగానో ఉంటుంది. అన్నిటికన్నా చవక. మెత్తటి ఇనుముకు, చెక్కకు బాగుంటుంది. దీని సహజ రూపమే మన పాతవాళ్లు కురువిందం అన్న రాయి. ఇంగ్లిషువాళ్ల ‘కోరండం’ మాట మన దక్షిణాది, సంస్కృత పేర్ల నుంచే వెళ్లింది. రెండోది సిలికాన్ కార్బైడ్, నల్లగా మెరుస్తుంది. 1891లో అమెరికాలో అచెసన్ దీన్ని తయారుచేసినప్పుడు కార్బన్, కోరండం కలిసిందనుకుని ‘కార్బొరండం’ అని పేరు పెట్టాడు. 1954లో మొదలైన చెన్నై కంపెనీ కార్బొరండం యూనివర్సల్ పేరులో ఉన్నది ఆ మాటే. ఇది చాలా వాడి, కానీ పెళుసు. ఇత్తడి, అల్యూమినియం, గాజు, రాయి, చెక్క ఫినిషింగ్‌కు మంచిది. ఉక్కు మీద ముతక పనికి పెడితే త్వరగా అరిగిపోతుంది.

మూడోది జిర్కోనియా, మామూలుగా నీలం రంగులో వస్తుంది. నాలుగోది సిరామిక్, అన్నిటికన్నా ఖరీదు. ఈ రెండూ ఉక్కును వెన్నలా కోస్తాయని చెబుతారు. నిజమే, కానీ ఒక షరతు మీద. ఈ గింజలు గట్టిగా ఒత్తిడి తగిలితేనే కొస పగిలి కొత్త అంచు బయటికి తెస్తాయి. మోటారులో బలం, బెల్టులో వేగం ఉండాలి. అవి లేకపోతే గింజ పగలదు, పై కొస నునుపెక్కిపోతుంది. బెల్టు చూస్తే కొత్తదానిలా ఉంటుంది, కోత మాత్రం పడదు.

అందుకే బెల్టు కొనేముందు మీ మిషను వేగం తెలుసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు గానీ, 2880 చుట్లు గానీ తిరుగుతుంది. మోటారు ప్లేటు మీద రాసి ఉంటుంది. నడిపే చక్రం 4 అంగుళాలదైతే 1440 మోటారు మీద బెల్టు సెకనుకు సుమారు 7.6 మీటర్లు పరుగెడుతుంది. 2880 మీద 15 మీటర్లు. అదే 2880కి 6 అంగుళాల చక్రం పెడితే 23 మీటర్లు. సిరామిక్ తన సత్తా చూపేది 25 మీటర్ల చుట్టుపక్కల. బలం విషయానికొస్తే, బెల్టు వెడల్పు అంగుళానికి ఒక హార్స్‌పవర్ అన్నది పనివాళ్లు వాడే మోటు లెక్క.

ఇదంతా ఎందుకంటే, అర హార్స్‌పవర్ 1440 మోటారు ఉన్న కుర్రాడు ‘ఖరీదైనదే మంచిది’ అని సిరామిక్ బెల్టు కొంటే డబ్బు బూడిదలో పోసినట్టే. అతనికి మంచి కంపెనీ అల్యూమినియం ఆక్సైడ్ చాలు. రెండు హార్స్‌పవర్, 2880 ఉన్నవాడికి మాత్రం ముతక పనికి జిర్కోనియా గానీ సిరామిక్ గానీ కిట్టుబాటవుతుంది. ఫినిషింగ్ నంబర్లలో ఆ ఖరీదు ఎవరికీ అవసరం లేదని నా అభిప్రాయం. 220 నుంచి పైకి అల్యూమినియం ఆక్సైడే వాడుకోండి.

నంబరు వెనక కథ

‘ఏ నంబరు కావాలి తమ్ముడూ?’ అన్నది షాపులో మొదటి ప్రశ్న. నంబరు పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది. పి40 గింజ సగటున 425 మైక్రాన్లు. పి80 అంటే 201, పి120 అంటే 125, పి220 అంటే 68, పి400 అంటే 35. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పి220 గింజ వెంట్రుకంత అనుకోవచ్చు. నంబరు ముందు ‘పి’ ఉందో లేదో చూడండి. అది యూరప్ కొలమానం. అమెరికా కొలమానంలో 400 అంటే పి800కి దగ్గర. ముతక నంబర్లలో తేడా పెద్దగా తెలియదు కానీ ఫినిషింగ్ దగ్గర మోసపోతాం.

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. 40 మీద చేయాల్సిన పని 120 మీద చేస్తారు. లేదా 40 గీతలు పూర్తిగా పోకుండానే 220కి దూకుతారు. అప్పుడు ఆ సన్న బెల్టు తన పని మానేసి లోతు గీతలు తుడవడంలోనే చచ్చిపోతుంది. మామూలుగా ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు నంబరు రెట్టింపు దాటకూడదు. 40, 80, 120, 220, 400. కత్తికి ఇంతే చాలు. వంటింటి కత్తికి 400 కూడా అక్కర్లేదనే కొనేవాళ్లు ఉంటారు. ప్రతి నంబరుకూ గీతల దిక్కు మార్చితే పాత గీత మిగిలిందో లేదో కంటికే తెలుస్తుంది.

గుడ్డ, అతుకు

వెనక గుడ్డ మీద ఇంగ్లిషులో జె, ఎక్స్, వై అక్షరాలు కనిపిస్తాయి. జె పల్చన, వంగుతుంది. పిడి వంపులకు, నాడె కొనలకు అది. ఎక్స్ గట్టి నూలు గుడ్డ, చదును పనికి. వై పాలిస్టర్, ముతక పనికి, గట్టి ఒత్తిడికి. కాగితం వెనకతో వచ్చేవి ఇలాంటి మిషనుకు వద్దు.

అతుకును మాత్రం చేత్తో తడిమి చూడకుండా కొనొద్దు. చదునుగా ఉండాలి. ఎత్తుగా ఉంటే ప్రతి చుట్టుకూ టక్ టక్ మని కత్తి ఎగిరి, ఒకే దూరంలో అడ్డగీతలు పడతాయి. ఒక కొనపై ఇంకో కొన వేసి అతికించిన బెల్టులకు లోపల బాణం గుర్తు ఉంటుంది. బెల్టు ఆ దిక్కునే తిరగాలి. తిరగేసి ఎక్కిస్తే అతుకు లేచి తెగుతుంది. ఎదురెదురు కొనలు పెట్టి కింద టేపు వేసినవి ఎటైనా తిరుగుతాయి.

రోలు కొని ఇంట్లోనే కోసి అతికించుకుంటే చవక కదా అని అడుగుతారు. వేడి, ఒత్తిడి ఇచ్చి అతికించే ప్రెస్సు ఉన్న షాపులో చేయించుకుంటే సరే. ఇంట్లో మామూలు గమ్ముతో మాత్రం వద్దు. సెకనుకు 15 మీటర్ల వేగంతో వెళ్లే బెల్టు ముఖం ముందు తెగితే మిగిల్చిన డబ్బు ఆసుపత్రి ఆటోకి చాలదు.

నోటుబుక్కు లెక్క

అంకెలు ఊహించుకుందాం. వంద రూపాయల బెల్టు 4 కత్తులు చేసిందనుకోండి. కత్తికి రూ.25. రూ.260 బెల్టు 13 కత్తులు చేస్తే కత్తికి రూ.20. ఖరీదైనదే చవక అయింది, పైగా టైం కలిసొచ్చింది. ఇప్పుడు అదే రూ.260 బెల్టు మీ నెమ్మది మోటారు మీద నునుపెక్కి 6 కత్తులకే ఆగిపోయిందనుకోండి. కత్తికి రూ.43. అదే బెల్టు ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. కాబట్టి ఎవరి వీడియోనో చూసి పది బెల్టులు ఒకేసారి తెప్పించకండి. ఒక్కో రకం ఒకటి తెచ్చి, ఒకే ఇనుము మీద, ఒకే పనికి పెట్టి ఎన్ని పీసులు, ఎన్ని నిమిషాలు అని రాసుకోండి. బెల్టు లోపలివైపు మార్కర్‌తో తేదీ వేస్తే చాలు. నెల తిరిగేసరికి ఒక పీసుకు బెల్టు ఖర్చు ఎంతో మీకు తెలుస్తుంది. సాన పెట్టే కూలి చెప్పేటప్పుడు ‘ఎంతో కొంత ఇవ్వండి బాబాయ్’ అనకుండా ధైర్యంగా అంకె చెప్పొచ్చు.

పేరున్న కంపెనీలు మన దగ్గరే ఉన్నాయి. కార్బొరండం యూనివర్సల్, గ్రైండ్‌వెల్ నార్టన్ బెల్టులు ఇండస్ట్రియల్ హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి. వెనక గుడ్డ మీద కంపెనీ పేరు, గింజ రకం, నంబరు ఏదీ అచ్చు లేని బెల్టును ఒక్కటి కూడా కొనకండి. బాగున్నా మళ్లీ అదే దొరుకుతుందన్న హామీ లేదు.

బెల్టును బతికించే పనులు

కాల్చి కొట్టిన ఇనుము మీద ఉండే నల్లటి పొలుసు చాలా గట్టిది. కొత్త బెల్టును నేరుగా దాని మీద పెడితే సగం ప్రాణం అక్కడే పోతుంది. రాత్రంతా వెనిగర్‌లో నానేసి పొద్దున బ్రష్షుతో తోమితే ఊడొస్తుంది. కోసిన పట్టీ అంచులు కత్తుల్లా ఉంటాయి, అవి గింజల్ని పెకిలించేస్తాయి. పారేయబోయే పాత బెల్టుతో ముందు ఆ అంచులు చంపండి. ఆ తర్వాతే కొత్తది. చెక్క పొడి పేరుకుపోతే బెల్టు చచ్చిందనుకోకండి. క్రేప్ రబ్బరు ముక్క, పాత చెప్పు అడుగు అయినా సరే, తిరుగుతున్న బెల్టుకు అద్దితే పొడి ఊడి గరుకు తేలుతుంది.

అయితే పొదుపు ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. గట్టిపరచిన కత్తి మీద మొద్దు బెల్టు వాడకండి. మొద్దు బెల్టు కోయదు, రాపిడితో వేడి పుట్టిస్తుంది. అంచు గడ్డి రంగుకొస్తే 200 డిగ్రీలు దాటినట్టు. నీలం తిరిగితే 300 దగ్గరికి వెళ్లినట్టు, అక్కడ పదును ఇక నిలవదు. గ్లవ్స్ లేకుండా పట్టుకుని, వేలికి వేడి తెలియగానే నీళ్లలో ముంచండి. పాత బెల్టులు చెక్కలకు కాకుండా మెత్తటి ఇనుము పనులకు దాచుకోండి.

వదులు నూలు గ్లవ్స్, చున్నీ, వేలాడే చొక్కా చేతులు, తాయెత్తు దారం, ఏవీ తిరిగే బెల్టు దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు బెల్టు ఖర్చులో భాగమే అనుకోండి. ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. చెక్క పొడి, ఇనప నిప్పురవ్వలు ఒకే సంచిలోకో, ఒకే డబ్బాలోకో పోనివ్వకండి. రవ్వ గంటలపాటు లోపల రాజుకుని, మీరు నిద్రపోయాక అంటుకోవచ్చు. అల్యూమినియం పొడి, ఇనప పొడి కలిస్తే మంట మరీ ఉధృతం.

ఊతం, చట్టం

కమ్మరి, వడ్రంగి, స్వర్ణకారుడు, సుత్తి–పనిముట్ల తయారీదారు లాంటి 18 వృత్తులకు కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. వయసు 18 నిండాలి, కుటుంబంలో ఒకరికే అవకాశం. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15 వేల దాకా ఈ–వోచరు ఇస్తారు. పూచీకత్తు లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం. కామన్ సర్వీస్ సెంటర్లో ఆధార్‌తో నమోదవ్వొచ్చు. చేతిపనితో సొంతంగా బతికేవాళ్లకోసం పెట్టిన పథకం ఇది, ఐటీఐ సర్టిఫికెట్ ఉందని మాత్రమే ఇవ్వరు. ఎంఎస్ఎంఈగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అందుకు ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు.

కత్తులు చేసి అమ్మాలనుకునేవాళ్లు 2016 నాటి ఆయుధ నియమాలు ఒకసారి చదవాలి. 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం తయారైనవాటికి మినహాయింపు ఉంది. కత్తిపీట, కొడవలి చేస్తే భయం లేదు. సినిమా చూసి తల్వారు చేసిపెట్టమని వచ్చే స్నేహితుడికి కుదరదని చెప్పేయండి.

వానాకాలం దాచుకోవడం

కృష్ణా ఒడ్డున ఉన్నవాళ్లకు బెల్టుల విషయంలో గాలిలో తడి పెద్ద శత్రువు. తయారీదార్లు 18 నుంచి 22 డిగ్రీలు, 45–65 శాతం తేమ మధ్య దాచమంటారు. జులై, ఆగస్టుల్లో మన రేకుల షెడ్డులో అది కలలో మాట. తడి పీల్చిన గుడ్డ సాగుతుంది, అతుకు బలం తగ్గుతుంది, బెల్టు పక్కకు జారుతుంటుంది. కాబట్టి షెడ్డులో కాకుండా ఇంట్లో, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. రెండు మూడు నెలలకు సరిపడానే కొనండి. మేకుకు తగిలించకండి, అక్కడ మడత పడి గింజ రాలుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను గోడకు బిగించి, దాని మీద వేలాడదీయండి. నేల మీద గానీ, సిమెంటు గోడకు ఆనించి గానీ పెట్టొద్దు. డబ్బాలోంచి తీసిన బెల్టును బిగించగానే ఇనుము ఆనించకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. అతుకు తేడాగా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. ఆ నిమిషం మాత్రం మీరు బెల్టుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.